పలాయన సంగీతం: ఒక రైల్వే ఊరి నుండి విచారణ

సాహిత్య విమర్శలో కొన్ని మాటలు వివరణ కోసం పుట్టి, క్రమంగా తీర్పులై కూర్చుంటాయి. ‘పలాయనం’ అట్టి మాట. ఒకప్పుడు మన అభ్యుదయ విమర్శకులు ఈ నేరాన్ని భావకవిత్వం మీద మోపారు. కవి వెన్నెలలోకీ విరహంలోకీ పారిపోయి, పొలంలోని రైతునూ మిల్లులోని కూలినీ మరచినాడని వారి అభియోగం. అందులో కొంత నిజం లేకపోలేదు. కాని ఆ మాట అన్న తరువాత ఇక విచారణతో పని లేదన్నట్లు విమర్శ అక్కడనే ఆగిపోయేది. పారిపోయినవాడు ఎవడు, ఎక్కడి నుండి పోయినాడు, ఎక్కడికి పోయినాడు, మరల తిరిగి వచ్చినాడా అన్న ప్రశ్నలు అడగకుండానే మిగిలిపోయేవి.

నేడు అదే మాట పేద దేశాల యువకులు వినే, వాయించే సంగీతం మీద పడుతున్నది. ముఖ్యంగా పంక్ అనే పేరుగల సంగీతాన్ని గురించి పెద్దలు రెండు విధాలుగా మాట్లాడుతారు. అది సంపన్న దేశాల రోగమనీ, తిండికి కరువైన చోట ఆ రోగాన్ని కొని తెచ్చుకోవడం అవివేకమనీ కొందరు అంటారు. దుర్భరమైన బ్రతుకు నుండి క్షణకాలం తప్పించుకొనడానికి పాపం, కుర్రవాళ్ళకు అదొక దారి అని మరికొందరు అంటారు. మొదటివారు నిందిస్తారు, రెండవవారు క్షమిస్తారు. పాటను మాత్రం ఇద్దరూ వినరు. ఆ పాటను విని, అది పలాయనమే ఐతే ఎట్టి పలాయనమో తేల్చుకొనడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ విచారణకు నేను ఎన్నుకొన్న స్థలం ఖరగ్‌పూర్. పంక్ సంగీతానికి ఆ ఊరు ప్రసిద్ధి కాదు. కాని ఊరు విడిచిపోవడమంటే ఏమిటో, పోలేక ఉండిపోవడమంటే ఏమిటో ఆ ఊరికి బాగా తెలుసు.

ఖరగ్‌పూర్ రైలు కన్న ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ పంతొమ్మిదవ శతాబ్దం చివర అక్కడ జంక్షను కట్టింది. ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో పెద్ద వర్క్‌షాపు లేచింది. బండ్లను విప్పి బాగుచేసే ఆ కార్ఖానాకు చేతులు కావలసి వచ్చాయి. ఆ చేతులను ఇచ్చిన సీమలలో మన కళింగాంధ్రం ఒకటి. నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల పల్లెల నుండి మనవారు ఆ రైలు మార్గాన్నే పట్టుకొని పోయి అక్కడ కాపురాలు పెట్టారు. బెంగాలీలు, బీహారీలు, ఒరియాలు, ఆంగ్లో ఇండియనులు, పంజాబీలు, తెలుగువారు కలిసి ఉండే ఆ ఊరికి ‘మినీ ఇండియా’ అని పేరు. 1927లో అక్కడి కార్ఖానా కార్మికులు ఉద్యోగుల తొలగింపుకు ఎదురు నిలిచి సమ్మె కట్టినప్పుడు, ఆ కార్మిక సంఘాన్ని నడిపిన నాయకులలో మన వి.వి. గిరి ఒకరు. తరువాత ఆయన 1969 నుండి 1974 వరకు రాష్ట్రపతి.

ఆ ఊరి అంచున హిజ్లీ ఉన్నది. బ్రిటిషు ప్రభుత్వం విప్లవకారులైన యువకులను అక్కడి నిర్బంధ శిబిరంలో ఉంచేది. 1931 సెప్టెంబరు 16న నిరాయుధులైన నిర్బంధితుల మీద కాపలావారు కాల్పులు జరిపితే సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్త అనే ఇద్దరు మరణించారు. 1951లో ఆ కట్టడంలోనే దేశంలోని మొదటి ఐ.ఐ.టి. ప్రారంభమైనది. యువకులను గోడలలో బంధించిన ఇల్లు, యువకులను ఖండాంతరాలకు పంపే ఇల్లుగా మారింది. ఇక స్టేషను సంగతి. దాని ప్లాట్‌ఫారం పొడవు 1,072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్‌లో అంతకంటె పొడవైనది వచ్చేవరకు, ప్రపంచంలో అదే పొడవైనదని బడిపిల్లలు వల్లించేవారు. ఒక గుడి ఊరికి గోపురం ఎట్లాగో ఖరగ్‌పూర్‌కు ఆ ప్లాట్‌ఫారం అట్లాగు. అక్కడ నిలిచి చూచేవానికి ప్రతి నిమిషమూ ఎవరో ఒకరు ఎక్కడికో పోతూనే ఉంటారు. ఈ శతాబ్ది మొదటి సంవత్సరాలలో ఆ ప్లాట్‌ఫారం మీద టిక్కెట్లు తనిఖీ చేసిన మహేంద్ర సింగ్ ధోనీ అనే యువకుడు ఆ ఉద్యోగం విడిచిపోయి భారత క్రికెట్ జట్టుకు నాయకుడైనాడు. ఆ కథ దేశమంతటికీ తెలుసు. 2016లో సినిమాగా కూడ వచ్చింది. ఆయనను ఎవరూ పలాయనవాది అనలేదు. గెలిచినవాని పలాయనానికి మనం సాహసమని పేరు పెడతాం. గెలవనివానిది మాత్రమే పలాయనం. ఈ మాటలోని మొదటి అన్యాయం ఇది.

ఇక ఆ సంగీతాన్ని చూద్దాం. పంక్ అనే ఇంగ్లీషు మాటకు పనికిమాలినవాడు, పోకిరి అని అర్థాలున్నాయి. నిప్పు రాజేయడానికి వాడే పుచ్చిన కట్టె అని మరొక పాత అర్థం కూడ ఉన్నది. ఈ రెండర్థాలూ ఆ సంగీతానికి సరిపోతాయి. 1976లో న్యూయార్కుకు చెందిన రమోన్స్ అనే నలుగురు యువకులు తమ మొదటి రికార్డు విడుదల చేశారు. అందులో పాటలు పద్నాలుగు. మొత్తం కాలం అర్ధగంట లోపు. మన సంగీత సభలో ఒక రాగాలాపనకు పట్టేపాటి కాలంలో వారు పద్నాలుగు మార్లు మొదలుపెట్టి పద్నాలుగు మార్లు ముగించారు. అదే సంవత్సరం లండనులో సెక్స్ పిస్టల్స్, క్లాష్ అనే బృందాలు వేదిక ఎక్కాయి. అది సుఖకాలం కాదు. బ్రిటనులో నిరుద్యోగులు పది లక్షలు దాటారు. ఆ ప్రభుత్వమే అంతర్జాతీయ ద్రవ్యనిధి ముందు నిలిచి 390 కోట్ల డాలర్ల ఋణం అడిగింది. సామ్రాజ్యం పోగొట్టుకొన్న దేశం అప్పుకోసం చేయిచాచిన ఏడాదిలో ఆ దేశపు కుర్రవాళ్ళకు ఈ పాట పుట్టిందని గుర్తుంచుకోవాలి. సంపన్న దేశాల రోగమన్న నిర్ణయం అందువలననే తొందరపాటు. అది సంపన్న దేశంలోని పేదవాడల పాట.

ఆ పాట నిర్మాణమేమిటి? గిటారు మీద మూడు స్వరసమూహాలు, ఒక డ్రమ్ముల జత, ఒక కంఠం. 1977 నాటి ఒక చిన్న చేతిరాత పత్రిక ఆ మూడు స్వరసమూహాలకు వేళ్ళు పెట్టే తీరు బొమ్మలు గీసి చూపి, ఇక పాఠకుడే ఒక బృందాన్ని కట్టుకోవచ్చునని హితవు చెప్పింది. సంగీత శాస్త్రం తెలిసినవారికి ఇది హాస్యాస్పదంగా తోచవచ్చును. కాని మన సంగీతపు చెవితో వింటే ఇందులో ఒక విశేషం కనిపిస్తుంది. పంక్ గిటారువాడు ఎక్కువగా వాయించే స్వరసమూహంలో షడ్జమూ పంచమమూ, వాటిమీద తారాషడ్జమూ మాత్రమే ఉంటాయి. గాంధారం ఉండదు. పాశ్చాత్య సంగీతంలో స్వరమేళనం సంతోషాన్ని సూచించేదీ దుఃఖాన్ని సూచించేదీ గాంధారాన్ని బట్టియే తేలుతుంది. దానిని తీసివేస్తే మిగిలేది ఏడుపూ కాదు, నవ్వూ కాదు. మన తంబురాలో శ్రుతికి ఆధారమైనవీ ఆ షడ్జ పంచమాలే. ఐతే తంబురా ఆ స్వరాలను నిశ్చలంగా నిలుపుతుంది. పంక్ గిటారు ధ్వనివర్ధకాన్ని దాని శక్తికి మించి నడిపి ఆ స్వరాలను చీలుస్తుంది. శ్రుతి అదే, శాంతి లేదు. పాటగాడు ఏడ్వడానికీ నవ్వడానికీ ముందున్న స్థితిలో, అనగా ఏమి చేయాలో తెలియని ఆగ్రహంలో, మనలను నిలుపుతాడు. ఆ స్థితి ఉద్యోగం లేని ఇరువది ఏండ్ల కుర్రవానికి ఏ దేశంలోనైనా తెలిసినదే.

ఇందులోని రెండవ విశేషం సాధనను గురించినది. మన సంగీతానికి గురువు కావాలి, పదేండ్ల కాలం కావాలి, ఆ కాలంలో అన్నం పెట్టే ఇల్లు కావాలి. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతానికీ అంతే. పంక్ ఈ మూడింటినీ తోసివేసింది. చేత కాకపోవడం సిగ్గుపడవలసిన సంగతి కాదన్నది. విద్వత్తు విలువ తెలిసిన నాకు ఈ మాట రుచించదు. కాని విద్వత్తుకు ఖరీదున్నదనీ, ఆ ఖరీదు చెల్లించలేనివాడు మౌనంగా ఉండవలసిన పని లేదనీ ఆ సంగీతం చెప్పిన సత్యాన్ని కాదనలేను. ఆడపిల్లల విషయంలో ఈ సత్యం మరింత బలవత్తరమైనది. తండ్రి సోమాలియావాడైన పాలీ స్టైరీన్ అనే యువతి లండనులో ఎక్స్‌రే స్పెక్స్ బృందానికి ముందు నిలిచి, పళ్ళకు కట్టిన తీగలు కనిపించేటట్లు పాడింది. అందంగా కనిపించవలసిన అవసరం లేకుండా వేదిక ఎక్కిన స్త్రీని ఆనాటి జనం అరుదుగా చూచారు.

ఇప్పుడు పేద దేశాలకు వద్దాం. ఇక్కడ ఒక ఆశ్చర్యం ఉన్నది. పంక్ అన్న పేరు ప్రచారానికి రాకముందే, 1964లో పెరూ దేశ రాజధాని లీమాలో లోస్ సైకోస్ అనే నలుగురు యువకుల బృందం ఏర్పడింది. వారి పాటలలో ప్రసిద్ధమైనది 1965 నాటి ‘దెమొలిసియోన్’, అనగా కూల్చివేత. కూల్చవలసినదని ఆ పాట చెప్పేది ఒక రైల్వే స్టేషనును. కారణం చెప్పదు, సిద్ధాంతం చెప్పదు. కేకవేసి కూల్చుదామంటుంది, అంతే. వినేవానికి భయం వేయదు, నవ్వు వస్తుంది. ఆ నవ్వు వెనుక ఏదో ఒకటి నిజంగా కదులుతుంది.

ఈ పాటను ఖరగ్‌పూర్‌లో విన్నట్లు ఊహించండి. అక్కడ స్టేషను అన్నం కుండ. తాత పట్టాల మీద కూలి, తండ్రి కార్ఖానాలో ఫిట్టరు, కొడుకు రైల్వే పరీక్షకు దరఖాస్తుదారు. ఇది అక్కడి వందలాది ఇండ్ల వంశవృక్షం. ఇది ఒక్క ఊరి కథ కాదు. 2019లో రైల్వేవారు గుమాస్తాలు, స్టేషను మాస్టర్లు మొదలైన 35,281 ఉద్యోగాలకు ప్రకటన ఇస్తే, దాదాపు కోటి పాతిక లక్షల మంది దరఖాస్తు పెట్టారు. లెక్క వేసి చూస్తే ఒక్కొక్క ఉద్యోగానికి మూడువందల యాభై మంది. ఆ పరీక్షల ఫలితాల మీద వివాదం రేగి 2022 జనవరిలో బీహారులో యువకులు పట్టాల మీదికి వచ్చారు. గయలో రైలు పెట్టెకు నిప్పు పెట్టారు. ఏ రైలులో ఉద్యోగం కోసం ఏండ్ల తరబడి చదివారో ఆ రైలునే కాల్చారు. లీమా కుర్రవాళ్ళు స్టేషనును ఎందుకు కూల్చమన్నారో ఆనాడు మనకు అర్థం కాకపోతే, గయ తరువాత అర్థం కావలసినది. మనలను బయటికి తీసుకొనిపోవలసినది మనలను ఎక్కించుకొనకుండా పోతున్నప్పుడు కలిగే ఆగ్రహమది.

రెంటికీ ఒక భేదమున్నది. గయలో కాలిన పెట్టె కాలిపోయింది. పట్టుబడినవారి మీద నేరాలు మోపారు. పాటలో కూలిన స్టేషను మరునాటి ఉదయం యథాస్థానంలో నిలిచి ఉంటుంది. కూల్చినవాడు దానిలోనే రైలెక్కి పనికి పోతాడు. కనుక పాట నిష్ప్రయోజనమా? పలాయనవాద విమర్శకుడు అవునంటాడు: ఆగ్రహం పాటలో ఖర్చైపోయి చేతలలోకి రాదు. నేను దీనిని మరొక విధంగా చూస్తాను. ఆకారం లేని ఆగ్రహం ఎటు దొరికితే అటు పోతుంది. సాటి పేదవాని మీదికీ పోతుంది, ఇంటిలోని స్త్రీ మీదికీ పోతుంది, పరభాషవాని మీదికీ పోతుంది. పాట ఆగ్రహానికి ఆకారమిస్తుంది. ఆకారం వచ్చిన తరువాతనే మనిషి తన ఆగ్రహాన్ని తాను చూచుకొని, ఇది దేనిమీద అని అడగగలడు. ఆ ప్రశ్నకు సమాధానం పాట ఇవ్వదు. ఇవ్వవలసిన పనీ లేదు.

దీనికి లోకంలో నిదర్శనాలున్నాయి. బ్రెజిల్‌లో సావ్ పావ్లో నగర పరిసరాలలోని కార్మికవాడలలో పంక్ బలంగా వేరూనింది. మోటారు కార్ఖానాల లోహ కార్మికులు 1978 నుండి 1980 వరకు సైనిక పాలనను లెక్కచేయక సమ్మెలు కట్టిన తావులు అవి. ఆ కార్మికుల కొడుకులూ తమ్ముళ్ళూ 1982లో ‘లోకం అంతానికి ఆరంభం’ అన్న అర్థం వచ్చే పేరుతో ఒక పెద్ద సంగీతోత్సవం జరిపారు. 1927లో ఖరగ్‌పూర్ కార్ఖానాలో సమ్మె కట్టినవారి మనుమలు దీనిని చూచి ఉంటే చుట్టాలను చూచినట్లే ఉండేది. దక్షిణాఫ్రికాలో జాతి విచక్షణ చట్టమై ఉన్న కాలంలో, 1979లో, జొహానెస్‌బర్గులో నేషనల్ వేక్ అనే బృందంలో నల్లవారూ తెల్లవారూ కలిసి వాయించారు. ఒకే వేదిక మీద నిలవడమే అక్కడ పాటకంటె పెద్ద పాట. ఇండొనీషియాలోని ఆచే రాష్ట్రంలో 2011 డిసెంబరులో ఒక సంగీత సభ నుండి అరవై మందికి పైగా పంక్ యువతీయువకులను పోలీసులు పట్టుకొనిపోయి, తలలు గొరిగించి, పది దినాలు ‘శిక్షణ’ ఇచ్చారు. బర్మాలో 2007 నాటి భిక్షువుల ఉద్యమం తరువాత ఏర్పడిన రెబెల్ రయట్ బృందంవారు యాంగన్ వీధులలో ఇల్లు లేనివారికి అన్నం పంచారు. పారిపోయినవాని తల ఏ ప్రభుత్వమూ పనిగట్టుకొని గొరిగించదు. పారిపోయినవాడు వీధిలో అన్నం పంచడు. ఈ దేశాలలో ఆ సంగీతం పలాయనం కాలేదనడానికి ఇంతకంటె వేరే సాక్ష్యం అక్కరలేదు.

ఐనా ఎదుటిపక్షం వాదంలో బలమైనది ఒకటి మిగిలి ఉన్నది. దానిని తప్పించుకొనిపోతే అది నా పలాయనమౌతుంది. పేద దేశంలో ఎలెక్ట్రిక్ గిటారు కొనగలవాడు పేదవాడు కాడు. ఖరగ్‌పూర్‌నే తీసుకొందాం. అక్కడ రాక్ సంగీతానికి పెద్ద వేదిక ఐ.ఐ.టి. విద్యార్థులు ఏటేటా జరిపే స్ప్రింగ్ ఫెస్ట్. అందులో ‘వైల్డ్‌ఫైర్’ అనే పోటీకి దేశం నలుమూలల నుండి బృందాలు వస్తాయి. కార్చిచ్చు అని దానికి పేరు. ఆ కార్చిచ్చు మండేది విద్యాలయం ఆవరణ లోపల. గోల్ బజార్ దగ్గరి కుర్రవానికి గాలివాటున దాని చప్పుడు మాత్రం వినిపించవచ్చును. పట్టాలకు ఆవలి నిమ్‌పురా, మథురాకాటి వాడలలోని పిల్లలకు సంగీతమంటే పూజలకు వచ్చే బ్యాండు మేళం, సినిమా పాటల ఆర్కెస్ట్రా, తెలుగు వాడలలో ఐతే మాతా పూజనాటి డప్పు. కనుక ఆగ్రహం ఒకచోట, గిటారు మరొకచోట ఉన్నాయి. ఆగ్రహం లేనివాడు అరువు తెచ్చుకొన్న ఆగ్రహంతో, అరువు తెచ్చుకొన్న ఇంగ్లీషు ఉచ్చారణతో, తాను ఎన్నడూ చూడని లండను వీధిని తిట్టితే అది నిశ్చయంగా పలాయనమే. తన ఊరి నుండి లండనుకు పారిపోవడం మాత్రమే కాదు, తన సుఖం నుండి మరొకని కష్టంలోకి వేషం వేసుకొని పారిపోవడం అది. మన దేశంలో ఈ కోవకు చెందిన పాట చాలా ఉన్నది; దానిని పొగడి ప్రయోజనం లేదు.

పలాయనానికీ, కానిదానికీ మధ్య గీత ఎక్కడ గీయాలో ఇప్పుడు తెలుస్తున్నది. సంగీతం ఏ దేశం నుండి వచ్చిందన్నది ప్రశ్న కాదు. హార్మోనియం మనది కాదు, వయొలిను మనది కాదు. ఆ వాద్యంతో పాడేవాడు తన వీధి పేరు చెప్పగలిగినాడా, తన ఇంటి భాషలో తిట్టగలిగినాడా అన్నది ప్రశ్న. వంగదేశం ఈ పరీక్షకు ఒక సమాధానం ఇచ్చింది. లండను పంక్ ఉధృతంగా ఉన్న 1977లోనే కలకత్తాలో మొహీనేర్ ఘొడాగులి అనే బృందం మొదటి రికార్డు వెలువరించింది. దాని మూలపురుషుడు గౌతమ్ చట్టోపాధ్యాయ నక్సల్ ఉద్యమంలో పాల్గొని చెరసాల చూచి వచ్చినవాడు. వారిది పంక్ కాదు. బావుల్ పాటా, జాజూ, రాక్ సంగీతమూ కలిసిన పాట. బృందం పేరు జీవనానంద దాసు కవితలోనిది, పాటలోని నగరం కలకత్తా. అప్పుడు జనం దానిని ఆదరించలేదు. 1990ల తరువాతి తరం దానిని నెత్తిన పెట్టుకొన్నది. 1992లో కబీర్ సుమన్ ఒక్క గిటారుతో బెంగాలీ పాట నడక మార్చడానికి ఆ నేల ముందే దున్ని ఉన్నది. వీరు అరువు తెచ్చుకొన్నది వాద్యాన్ని, వీధిని కాదు.

ఐతే మన తెలుగులో? నా అభిప్రాయంలో పంక్ సంగీతానికి తెలుగులో సోదరమైనది సంగీతం కాదు, కవిత్వం. 1965లో హైదరాబాదులో నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అనే ఆరుగురు దిగంబర కవుల పేరుతో తమ మొదటి సంపుటాన్ని ఒక రిక్షా కార్మికుని చేత ఆవిష్కరింపజేశారు. 1966లో రెండవదానిని విజయవాడలో ఒక హోటలు పనివాని చేత, 1968లో మూడవదానిని విశాఖపట్నంలో ఒక బిచ్చగత్తె చేత వెలువరించారు. పాత పేర్లు విడిచి కొత్త పేర్లు పెట్టుకోవడం, మర్యాదస్థులు వినలేని మాట వాడడం, వేదిక మీది పెద్దమనిషిని దింపి వీధిలోని మనిషిని ఎక్కించడం పదేండ్ల తరువాత లండను కుర్రవాళ్ళు కూడ చేశారు. వంగదేశంలో 1961 నుండి ‘హంగ్రీ’ కవులు అదే దారి తొక్కారు. వారిలో మలయ్ రాయ్‌చౌధురి మీద 1964లో అశ్లీల రచన నేరం మోపారు. క్రింది కోర్టు శిక్ష వేసింది. 1967లో కలకత్తా హైకోర్టు ఆయనను విడుదల చేసింది. ఈ రెండు ఉద్యమాలనూ ఆనాడు అనుకరణ అనీ, ఉన్మాదమనీ, పలాయనమనీ అన్నారు. దిగంబర కవులలో నలుగురు 1970లో విప్లవ రచయితల సంఘంలో చేరారు. మొదట కేక, తరువాత మార్గం. కేక వేయనివానికి మార్గంతో పని ఉండకపోవచ్చును.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మన డప్పే మన పంక్ అని కొందరు తేలికగా అంటారు. వినడానికి ఇంపుగానే ఉంటుంది, కాని సరికాదు. డప్పుకు తరతరాల విద్య ఉన్నది, దరువుల శాస్త్రం ఉన్నది. చావుకూ జాతరకూ ఊరు దానిని పిలుస్తుంది. కొట్టేవానికి ఆ పని కులాన్ని బట్టి వచ్చింది; కొట్టననడానికి వానికి చాలాకాలం స్వేచ్ఛ లేదు. పంక్ కుర్రవాడు వాయించేది ఎవరూ అడగని పాట. ఊరు తనకిచ్చిన పనిని నిరాకరించడం దాని ప్రాణం. డప్పు ఆ నిరాకరణను నేర్చుకొన్న ఘట్టం వేరు. 1972లో ఏర్పడిన జన నాట్య మండలిలో గద్దరూ, విశాఖ ఓడల కార్ఖానాలో పనిచేసిన వంగపండు ప్రసాదరావూ జానపద బాణీలను ఊరి ఆజ్ఞ నుండి విడిపించి, ఊరికి ఎదురు నిలబెట్టారు. వంగపండు పుట్టిన సీమ, ఖరగ్‌పూర్ తెలుగువారి తాతలు విడిచిపోయిన సీమ ఒక్కటే. పార్వతీపురం వైపు పల్లెల యాస, మథురాకాటిలోని ముసలమ్మ నోట నేటికీ వినిపించే యాస చుట్టాలు.

ఈ సంగతి చివరి ప్రశ్నకు దారి తీస్తున్నది. ఖరగ్‌పూర్ తెలుగు యువకుడు పాడదలచుకొంటే ఏ భాషలో పాడుతాడు? ఇంట తల్లితో తెలుగు, వీధిలో హిందీ, కొట్టులో బెంగాలీ, పరీక్షలో ఇంగ్లీషు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి నిర్ణయించింది. అది గౌరవమే, కాని హోదా భాషను కచేరీలోకి తెస్తుంది, కుర్రవాని గొంతులోకి తేలేదు. ఆంధ్రదేశపు సినిమా వానికి తెలుగు పాటలు పంపుతున్నది. వాటిలోని గోదావరీ, పచ్చని వరిచేలూ వాని కండ్లకు చూడని పుట్టినిల్లు. ఆ పాటలు వినడమూ ఒక పలాయనమే. దానిని మాత్రం మనం సంస్కృతి పరిరక్షణ అంటాం. వాని ఊరిలో గోదావరి లేదు. షంటింగు ఇంజను కూత ఉన్నది, కార్ఖానా సైరను ఉన్నది, నాలుగు భాషల తిట్లున్నాయి, ఎంతకీ తరగని ప్లాట్‌ఫారం ఉన్నది. ఆ చప్పుళ్ళతో, హిందీ కలిసిన ఆ తెలుగుతో, శుద్ధ భాషాపరులు ముఖం చిట్లించే మాటలతో ఒక పాట కడితే దానిలో వాడు మొదటిసారి తన ఇంటి చిరునామా తాను విన్నవాడౌతాడు. అందుకు మూడు స్వరసమూహాలు చాలును. పంక్ పేద దేశాల యువకునికి ఇచ్చినది అంతకంటె ఎక్కువ లేదు. అది తక్కువా కాదు. ఎవరి అనుమతీ లేకుండా, నేర్పు వచ్చేవరకు ఆగకుండా, ఉన్నచోటనే మొదలు పెట్టవచ్చునన్న ధైర్యం అది.

పలాయనమన్న మాటను విమర్శ నుండి తొలగించమని నేను అనను. దానిని తీర్పుగా కాక ప్రశ్నగా వాడుదామంటాను. మంటలు లేచిన ఇంటినుండి బయటికి వచ్చినవానిని పిరికివాడనము. బయటికి వచ్చి కేకవేసినాడా, మౌనంగా తన దారిని తాను పోయినాడా అని మాత్రం అడుగుతాం. సంగీతాన్నీ అట్లాగే అడగాలి. తన వీధిని మరపించే పాటను ప్రభుత్వం మెచ్చినా, బహుమతి వచ్చినా, అది పలాయనం. తన వీధినే మరల వినిపించే పాట, ఎంత కర్ణకఠోరమైనా, తిరిగి రావడం. ఖరగ్‌పూర్‌లో రైలు ఎక్కేవారిని లెక్కపెట్టడం సులభం. ఆ పొడవైన ప్లాట్‌ఫారం మీద ప్రతి దినమూ దిగేవారు కూడ ఉన్నారు. విమర్శకుని దృష్టి వారిమీద కూడ పడాలి.